ఏడుపు రాకపోతే ఆరాధన కానట్టేనా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలండి. మా సంఘంలో ఆదివారం ఆరాధన టైంలో అందరూ చేతులెత్తి ఏడుస్తూ గట్టిగా స్తుతిస్తారు. నాకేమో కన్నీళ్లు రావు, నోరు పెగలదు, మెల్లగా పెదాలు కదుపుతూ ఉండిపోతా. పక్కన సిస్టర్స్ "నీలో ఆత్మ లేదు" అంటున్నారు. నాది నిజమైన ఆరాధన కాదా? ఇంకో సంగతి, మా పెద్ద తోడికోడలిదీ అదే సంఘం, పొలం గొడవల వల్ల మాకు మాటల్లేవు, కారణం అదేనేమోనని కూడా భయంగా ఉందండి.
– ఒక సహోదరి, తెనాలి

జవాబు: వందనాలమ్మా. మొదటి సంగతికి అసలు దిగులు పడకు. షిలోహు మందిరంలో, పిల్లల్లేని హన్నా ప్రార్థన చేస్తుంటే పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదని 1 సమూయేలు 1లోనే ఉంది, యాజకుడు ఏలీ అయితే తాగి వచ్చిందనుకున్నాడు, అంతటి పెద్దాయనే పొరబడ్డాడు, దేవుడు మాత్రం ఆమె మనవి విన్నాడు. ఆమె ఏడ్చింది నిజమే, కానీ మైక్‌లో ఎవరో ఏడవమంటే ఏడవలేదు, లోపల అంత బాధుంది కాబట్టి ఏడ్చింది. అలాగని గట్టిగా స్తుతించేవాళ్లది వేషం అనుకోకు, దావీదు రాజు దేవుని మందసం (నిబంధన పెట్టె) ముందు శక్తికొద్దీ నాట్యమాడితే ఆయన భార్య మీకాలు చులకనగా చూసింది, అలా చూడటమూ తప్పే.

యోహాను 4లో సమరయ స్త్రీతో ప్రభువు ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలి అన్నది ఎప్పుడో చూడు, ఐదుగురు భర్తల సంగతి బయటపడ్డాక, ఇక ఆవిడ దాచుకోడానికి ఏమీ లేనప్పుడు. ఆరాధనలో నిజాయితీ అంటే నాకు అర్థమైంది ఇదే, దేవుడి ముందు ఏదీ దాచకపోవడం.

అందుకే నీ ఉత్తరంలో నాకు ఆ రెండో సంగతే ముఖ్యం అనిపించింది. మత్తయి 5:23, 24 తీసి నెమ్మదిగా చదువు. నీకు ఆవిడ మీద కోపం ఉందా అని కాదమ్మా అక్కడ ఉన్నది, ఆవిడకి నీ మీద ఏమైనా ఉందా అని. కానుక బలిపీఠం ముందే వదిలేసి వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు. ఆ మాట విన్నది గలిలయలో జనం, బలిపీఠమేమో యెరూషలేములో, అంటే నడిచి వెళ్లడానికే కొన్ని రోజులు, అంత దూరం వెళ్లాక కూడా కానుక వదిలేసి వెనక్కి వెళ్లమన్నాడంటే ఆ సంగతి ఆయనకి ఎంత పెద్దదో ఆలోచించు. న్యాయం లేనిచోట మీ పాటల ధ్వని నాకొద్దు అని ఆమోసు 5లో దేవుడు అన్నదీ ఇలాంటిదే.

పొలంలో నీ హక్కు వదులుకోమని నేను అనట్లేదు, అది పెద్దలను కూర్చోబెట్టి తేల్చుకోండి. కానీ ఈ వారంలోనే, ఫోన్ మెసేజ్ కాకుండా, ఇంటికి వెళ్లి "అక్కా" అని పలకరించు. ఆవిడ మొహం తిప్పుకుంటే? రోమా 12:18 "మీ చేతనైనంత మట్టుకు" అంటోంది, ఆవిడ జవాబుకి నువ్వు బాధ్యురాలివి కాదు. అదయ్యేదాకా మందిరం మానేద్దామని మాత్రం అనుకోకు, ఆదివారం వెళ్లు, పెదాలు కదిపే అలాగే ప్రార్థన చేసుకో.