నేను ఎన్నో మందిరంలో ఉన్నాను?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. మాది కతోలిక కుటుంబం. నాలుగేళ్ల క్రితం ఒక రిట్రీట్‌లో ఆవిలాపురి తెరేసమ్మ గారు చెప్పిన ఏడు మందిరాల గురించి, అంటే ప్రార్థనలో ఆత్మ దేవుని వైపు సాగే ఏడు దశల గురించి విన్నాను. అప్పటినుంచి తెల్లవారుజామున మూడింటికే లేచి మౌనంగా ప్రార్థనలో కూర్చుంటున్నాను. మొదట్లో ఆ ఆనందం చెప్పలేను, కళ్లవెంట నీళ్లు కారేవి. ఏ రోజు ఏ మందిరం దాకా వెళ్లానో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. తొమ్మిది నెలలుగా ఏమీ లేదు. గోడకెదురుగా కూర్చున్నట్టుంది. రెండు గంటలు చాలడం లేదేమోనని మూడు గంటలు చేశాను. వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నాను. మా ప్రార్థన బృందంలో ఒకావిడ ‘ఒప్పుకోని పాపం ఏదో ఉంది’ అంటుంది. ఇంకొకావిడ ‘ఇది చీకటి రాత్రి, నువ్వు పై మెట్టుకు వెళ్తున్నావు’ అంటుంది. మా ఆయనేమో ‘డాక్టరుకు చూపించుకో. ఈ ఇంట్లో నేనూ ఉన్నానని గుర్తుందా?’ అంటున్నారు. మొన్న పాప షూ కనబడటం లేదని గదిలోకి వస్తే, ప్రార్థనలో ఉన్నానని తెలియదా అని గట్టిగా అరిచాను. నేను ఎన్నో మందిరంలో ఉన్నాను? వెనక్కి జారిపోయానా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ పాప షూ దగ్గరే ఆగిపోయాను. అన్ని పెద్ద విషయాల మధ్య ఆ చిన్న సంగతి దాచకుండా రాశారంటే అది మిమ్మల్ని వదలడం లేదన్నమాట. అది మంచి గుర్తే. ఎందుకో తరవాత చెబుతాను.

ముందు మీరడిగినదానికి జవాబు. మీరు ఎన్నో మందిరంలో ఉన్నారో నాకు తెలియదు. మీ నోట్‌బుక్‌కీ తెలియదు. స్పెయిన్ దేశపు మఠకన్య తెరేసమ్మ గారు 1577లో తన మఠకన్యల కోసం, ఆత్మను ఏడు మందిరాల కోటతో పోలుస్తూ ఒక పుస్తకం రాశారు. అందులో మొదట్లోనే ఒక హెచ్చరిక చేశారు. ఈ మందిరాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉన్న గదులనుకోకండి, పైనా కిందా పక్కలా చుట్టూరా ఉంటాయి, రాజు, అంటే దేవుడు, నడిమధ్య గదిలో ఉంటాడు, ఆత్మను ఒక మూల బిగించి కూర్చోబెట్టకుండా తిరగనివ్వండి అని. బోధించేవాళ్లకు సులువుగా ఉంటుందని మనం దాన్ని నిచ్చెన చేసేశాం. మొదటి మూడు మందిరాల్లో మన ప్రయత్నం పాలు ఎక్కువ. నాలుగోదాని నుంచి దేవుడు తనంతట తాను ఇచ్చేది మొదలవుతుంది. ఇవ్వడం ఆయన చేతిలో ఉన్నప్పుడు గంటలు పెంచి రాబట్టడం కుదరదు. ఇది ట్యూషన్ కాదుగా, అదనంగా ఒక గంట కూర్చుంటే మార్కులు పెరగడానికి.

ఆవిడే తన ఆత్మకథలో ఇంకో పోలిక వాడారు. మీ విషయంలో నాకు అదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది. ప్రార్థించే మనిషి తోటమాలి, తోట దేవుడిది. తోటకు నీళ్లు నాలుగు రకాలుగా అందుతాయి. నూతిలోంచి చేదతో తోడి పోయడం మొదటిది, రెక్కలు పడిపోతాయి. కుండలు కట్టిన చక్రం తిప్పి తోడటం రెండోది, శ్రమ తక్కువ, నీళ్లు ఎక్కువ. కాలవ పారడం మూడోది. నాలుగోది వాన, తోటమాలి చెయ్యి కదపక్కర్లేదు. చాలామంది ఇంతవరకే విని, నేను చేద దగ్గరున్నానా, వాన దాకా వచ్చానా అని లెక్కలేసుకుంటారు. ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట చేద దగ్గరే ఉంది. ఎన్నిసార్లు వేసినా చేద ఖాళీగా పైకొచ్చే రోజులుంటాయట. నుయ్యి ఎండిపోయి ఉంటుంది. అయినా తోటమాలి తన పని మానకపోతే, నీళ్లు లేకుండానే దేవుడు పూలను బతికిస్తాడట. ఇక్కడ నీళ్లంటే కన్నీళ్లు, ప్రార్థనలో మనసు కరగడం. పూలంటే సద్గుణాలు.

మీరు నోట్‌బుక్‌లో రోజూ రాసింది నీటి మట్టం అమ్మా. పూల సంగతి ఎక్కడా లేదు. ఈ నాలుగేళ్లలో మీ ఓర్పు పెరిగిందా, మీ మీద కోపగించుకున్న మనిషితో ఇదివరకటికంటే మెత్తగా మాట్లాడగలుగుతున్నారా? పాప షూ ఆ ఖాతాలోది. అరిచారు, నిజమే. కానీ అరిచినందుకు మనసు చివుక్కుమంది చూడండి, ఆ మొక్క చావలేదు.

ఎండిన నుయ్యి అంటే ఏమిటో తెరేసమ్మ గారు స్వయంగా చూశారు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) అందుకున్న వెంటనే తప్ప, చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం పద్దెనిమిదేళ్లు తనకు లేదని రాసుకున్నారు. కొన్నేళ్లపాటు ఆ గంట ఎప్పుడు అయిపోతుందా, గడియారం ఎప్పుడు కొడుతుందా అని చెవులు రిక్కించి కూర్చునేదాన్నని కూడా ఒప్పుకున్నారు. 1970లో శ్రీసభ, అంటే కతోలిక సంఘం, తన పండితురాలిగా ప్రకటించింది ఈవిడనే.

ఇక ‘చీకటి రాత్రి’, అంటే ప్రార్థనలో రుచి అంతా పోయి, ఆ ఎండలోనే దేవుడు ఆత్మను శుద్ధి చేసే దశ. ఈ మాట ఈమధ్య మరీ చవకైపోయింది, దేనికి పడితే దానికి వాడేస్తున్నారు. తెరేసమ్మ గారి సహచరుడు పునీత (సెయింట్) సిలువ యోహాను గారు దానికి మూడు గుర్తులు చెప్పారు. దేవుని విషయాల్లో రుచి పోతుంది, అలాగని లోకంలో ఇంకే విషయం మీదా రుచి ఉండదు. దేవుణ్ణి సరిగ్గా సేవించడం లేదే, వెనక్కి పోతున్నానే అన్న బాధ లోపల తొలుస్తూ ఉంటుంది. ఇదివరకులా ఊహించుకుంటూ, ఆలోచించుకుంటూ ధ్యానం చేద్దామంటే ఎంత ప్రయత్నించినా సాగదు. ఈ మూడూ కలిసి ఉండాలి. ఎందుకంటే ఇలాంటి నీరసం మనోవ్యాధి వల్లా రావచ్చని ఆయనే ఒప్పుకున్నారు. అప్పట్లో మెలాంకలీ అనేవారు, మనం ఇప్పుడు డిప్రెషన్ అంటున్నదానికి దగ్గరగా. ఆయన ఇంత ఆచితూచి చెప్పినదాన్ని మీ బృందంలో ఒక్కమాటలో తేల్చేశారు!

మీలో రెండో గుర్తు ఉంది. ‘వెనక్కి జారిపోయానా’ అన్న ప్రశ్నే ఆ గుర్తు. దేవుడంటే లెక్కలేనివాళ్లు ఈ ఉత్తరం రాయరు. మూడోదీ ఉన్నట్టే కనిపిస్తోంది. మొదటిదాని గురించి మీరు రాయలేదు. మూడూ ఉంటే ఆయన ఇచ్చే సలహా వినడానికి తేలిక, పాటించడం కష్టం. ఆలోచనల్ని బలవంతంగా తోడొద్దు, ఏమీ చేయడం లేదనిపించినా ప్రేమగా, ఊరికే, ఆయన ఎదుట ఉండిపోండి అంటారు. తల్లి బిడ్డకు పాలు మాన్పించి, చంక దించి, తన కాళ్లమీద తాను నడవమంటుందే, అలాంటి దశ ఇది అని ఆయన పోలిక. బిడ్డకు మాత్రం అమ్మ తనను వదిలేసిందనే అనిపిస్తుంది.

కానీ అంతదూరం వెళ్లేముందు ఒంటి సంగతి చూడాలి. మూడింటికి లేస్తున్నారు సరే, పడుకునేది ఎన్నింటికి? ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తొమ్మిదికే పడుకుంటున్నారంటే నేను నమ్మను. దానికి తోడు ఉపవాసాలు. నాలుగో మందిరం గురించి రాస్తూ తెరేసమ్మ గారు సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే మాట్లాడారు. ఉపవాసాలతో, జాగారాలతో ఒళ్లు గుల్లచేసుకుని, ఆ నీరసంలో వచ్చే మగతను దివ్యానుభవం అనుకునేవాళ్లున్నారట. ఒకామె ఎనిమిదేసి గంటలు అలాగే ఉండిపోయేదట. బాగా తినిపించి, నిద్రపోనిచ్చి, కఠిన తపస్సులు మాన్పిస్తే అది పోయింది. ఆవిడ రాసిన మందు అదే: తిండి, నిద్ర, కొన్నాళ్లు తక్కువ ప్రార్థన. మీ ఆయన అన్నదానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది?

కాబట్టి డాక్టరు దగ్గరకు వెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇంటిపని కొండలా అనిపించడం, ఊరికే ఏడుపు రావడం, ఇవి ఉంటే దాచకుండా చెప్పండి. చచ్చిపోతే బాగుండనిపిస్తుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. చీకటి రాత్రీ డిప్రెషన్ ఒకే మనిషికి ఒకేసారి రావచ్చు. ఒకదానికి చికిత్స తీసుకుంటే రెండోదానికి ద్రోహం చేసినట్టు కాదు.

ఒప్పుకోని పాపం అన్నావిడ మాట పక్కన పెట్టండి. గుర్తున్న పాపం ఉంటే ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనం చేయండి, అంటే ఒప్పుకోండి, లేనిదాన్ని తవ్వొద్దు. బృందంలో అందరినీ అడగడం మానేసి, చదువూ అనుభవమూ ఉన్న ఒక్క గురువును (ఫాదర్‌ను) ఎంచుకుని ఆయనకే చెప్పుకోండి. సగం చదువుకున్న పాపసంకీర్తన గురువుల వల్ల తనకు చాలా నష్టం జరిగిందని తెరేసమ్మ గారు రాశారు.

మీ ఆయన గురించి. ఆయన మాట కటువుగా ఉంది కానీ, అది ప్రార్థన మీద కోపంలా నాకు వినిపించలేదు. ఇంట్లో ఒంటరైపోయిన మనిషి మాటలా ఉంది. పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ గారు 1609లో సంసారుల కోసం ఒక పుస్తకం రాస్తూ ఇదే తేల్చారు. ఒక బిషప్పు ఏకాంత సన్యాసిలా బతికితే, పనివాడు మఠవాసిలా రోజంతా గుడిలో గడిపితే ఆ భక్తి నవ్వులపాలవుతుందన్నారు. ఇల్లాలి ప్రార్థన ఇల్లాలికి సరిపోయేట్టు ఉండాలి. ఈ నెలలుగా ఏం జరుగుతోందో మీరు ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? మందిరాలు, మెట్లు అవన్నీ అక్కర్లేదు. ‘ప్రార్థనలో కూర్చుంటే ఏమీ లేదు, భయమేస్తోంది’ అని చెప్పండి చాలు. ఆ ముక్క నాకు రాశారు, ఆయనకు చెప్పినట్టు లేరు.

ప్రార్థన మాత్రం మానొద్దు. వినయం పేరుతో ఒకసారి తానే మానేసి, అది తన జీవితంలో పెద్ద పొరపాటని తెరేసమ్మ గారు తరవాత వాపోయారు. రోజుకు అరగంట చాలు, ఒకే వేళకు, నిద్ర సరిపడా పోయాక. సువార్తలో ఒక్క వాక్యం చదువుకుని కూర్చోండి. మనసు పరుగెత్తితే మళ్లీ ఆ వాక్యం దగ్గరకు రండి. కునుకు పడితే పడనివ్వండి. బాల తెరేసమ్మ గారు (ఈవిడ వేరు, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్స్ మఠకన్య) కూడా ప్రార్థనలో నిద్రపోయేవారు, బిడ్డలు నిద్రపోతున్నా మేలుకుని ఉన్నా తల్లిదండ్రులకు ముద్దేకదా అని సరిపెట్టుకున్నారు. అరగంట అయ్యాక లేచిపోండి, బాగుందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకోకండి. నోట్‌బుక్ చించెయ్యమని అనను. ఆరు నెలలు అల్మరా పైన పడేయండి. ఉపవాసాలు డాక్టరును కలిసేదాకా బంద్.

ఈ వారంలోనే వెళ్లండి, మీ ఆయన్ని తోడు రమ్మని అడగండి. అన్నట్టు, పాపకు సారీ చెప్పారా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు.