సమాధానం: ఇంటి ముందు కానుగ చెట్టులో చూడటానికి ఏముంది?

ఫోన్ తగ్గిద్దామని రోజూ పది నిమిషాలు ఇంటి ముందు కానుగ చెట్టు చూస్తున్నాను, కానీ బోర్ కొడుతోంది అన్నారు కదండీ. చెట్టంతా ఒకేసారి చూస్తే ఎవరికైనా అంతే, ఉత్త పచ్చగా కనిపిస్తుంది. చేతికందే ఒక్క రెమ్మకు దారం కట్టండి. రోజూ దాన్నే చూడండి.

ముందు ఆకులు. కొన్నింటి మీద తెల్లటి గీతలు, మచ్చలు ఉంటాయి. తెగులని వదిలేయకండి. ఆకు పొరల మధ్య ఓ చిన్న పురుగు తింటూ వెళ్లిన దారి అది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సన్నగా మొదలైన గీత పోనుపోను వెడల్పవడం తెలుస్తుంది. తింటూ తింటూ పురుగు పెరిగిందన్నమాట! అది మొదటిసారి గమనించిన రోజు నేను అరగంట అక్కడే నిలబడిపోయాను. మరికొన్ని ఆకుల మీద వేళ్లలా లేచిన బుడిపెలుంటాయి. అవి కంటికి ఆనని నల్లులు (మంచం నల్లులు కావు, ఆకుల మీద బతికే మైట్లు) ఉండే ఇళ్లు.

పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. అద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆకునే దాని దగ్గరికి తేవాలి. చాలామంది ఇక్కడే తడబడతారు.

ఎండలు ముదిరేసరికి చెట్టు కింద పేలాలు చల్లినట్టు పూలు రాలతాయి. ఒకటి అరచేతిలోకి తీసుకోండి. తెలుపులో లేత ఊదా, ఆకారం అచ్చం చిక్కుడు పువ్వే. రెండూ ఒకే కుటుంబం మరి.

గీతలున్న ఆకు దొరికితే ఫొటో పెట్టండి, కలిసి చూద్దాం.