పది నెలల మేయరు

అమ్మాయీ,

టొరంటో మొదటి మేయరు విలియం లయన్ మెకెంజీ మీద నువ్వు పంపిన జీవితకథ చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ 1824లో ‘కలోనియల్ అడ్వకేట్’ పత్రిక పెట్టిన దగ్గర్నుంచి 1837లో ప్రభుత్వం మీద అతను నడిపిన తిరుగుబాటు దాకా ఒకటే పరుగు. మేయరుగా పనిచేసిన కాలానికి దక్కింది నాలుగు వాక్యాలు. నీ కథ ఉన్నది అక్కడే.

ముందు అచ్చు అక్షరాల సంగతి. 1826 జూన్‌లో పెద్దింటి కుర్రాళ్ళు అతని ప్రెస్సులో జొరబడి, టైపులు పట్టుకెళ్ళి ఒంటారియో సరస్సులో పారేశారు. పత్రికా స్వేచ్ఛ మీద దాడి అని రాశావు, నిజమే. అయితే అప్పటికి పత్రిక దివాలా అంచున ఉందనీ, అప్పులవాళ్ళకి దొరక్కుండా మెకెంజీ సరిహద్దు దాటి అమెరికాలోని లూయిస్టన్‌లో ఉన్నాడనీ, ఆ పెద్దిళ్ళవాళ్ళని నోటికొచ్చినట్టు వెటకరించాడనీ ఎందుకు వదిలేశావు? కోర్టు ఇప్పించిన 625 పౌన్ల పరిహారంతోనే పత్రిక మళ్ళీ లేచింది. ముంచుదామని వచ్చినవాళ్ళే ఒడ్డున పడేశారు! ఇంత మంచి సంగతి చేతిలో ఉండగా ‘నిర్భీక పాత్రికేయుడు’ లాంటి మాటలు నీకెందుకు? అది కనబడితే నేను పేజీ తిప్పేస్తాను.

ఇక 1834. మార్చిలో యార్క్ అనే చిన్న పట్నం టొరంటో నగరమైంది. జనాభా తొమ్మిది వేల చిల్లర. కౌన్సిల్ సభ్యులు మెకెంజీని మేయరుగా ఎన్నుకున్నారు. పదేళ్ళుగా అధికారంలో ఉన్నవాళ్ళని కడిగేసిన మనిషికి బురద వీధులూ, డబ్బుల్లేని ఖజానా అప్పజెప్పారు. నడిచే దారులకి చెక్కలు పరిపించాలంటే అప్పు చెయ్యాలి, పన్ను వెయ్యాలి. వేశాడు. జనం మండిపడ్డారు. నిన్నటిదాకా ఇలాంటి పన్నుల మీద సంపాదకీయం రాసేది ఎవరు? తనే కదా.

అప్పట్లో మేయరే న్యాయాధికారి కూడా. విచారణలో ఒకామె తన మీద చెప్పు విసిరితే ఆమెను, కాళ్ళు బిగించి నలుగురిలో నిలబెట్టే శిక్ష, బొండకొయ్యలో పెట్టించాడు. ఆ వేసవిలోనే కలరా వచ్చినప్పుడు రోగుల్ని ఆస్పత్రికి చేర్చడానికి తానే చెయ్యి వేశాడు. నువ్వు కలరా ఉంచి బొండకొయ్య తీసేశావు. నాయకుడు చిన్నబోతాడని టెన్షన్ పడ్డట్టున్నావు. అక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉండనీ.

నవంబరులో ‘కలోనియల్ అడ్వకేట్’ను వదులుకున్నాడు. అప్పుడు అతని మనసులో ఏముందో నువ్వు ఊహించి రాసిన పేరా కొట్టెయ్. పన్నుల గొడవ తర్వాత ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పు, చదివేవాళ్ళు చూసుకుంటారు. 1835 జనవరి ఎన్నికల్లో అతని పక్షం ఓడింది, పదవి పోయింది.

తిరుగుబాటుకి ఒక పేజీ చాలు. అతని తల మీద పెట్టిన వెయ్యి పౌన్ల వెల, అమెరికాకి పారిపోవడం, ఇవన్నీ అందరూ రాసినవే. మనవడు కెనడా ప్రధాని అయ్యాడన్నది మాత్రం పూర్తిగా తీసెయ్, వంశవృక్షం ఇక్కడ ఎందుకు?

నువ్వు ఉండేది ఆ ఊళ్ళోనే కాబట్టి బాండ్ స్ట్రీట్‌లో అతను చివరి రోజుల్లో ఉన్న ఇంటికి వెళ్ళు. ఇప్పుడది మ్యూజియం, లోపల పాతకాలపు ప్రెస్సు ఉంది. ఒక కాలమ్ అక్షరాలు చేత్తో పేర్చడానికి ఎంతసేపు పడుతుందో అక్కడివాళ్ళని అడుగు. సరస్సులో ఏం పోయిందో అప్పుడు రాయగలవు.

రెండో ప్రతిలో సగం పేజీలు ఆ పది నెలలకే ఇచ్చి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు