హార్స్‌లీ హిల్స్‌కి ఆ పేరు ఎలా వచ్చింది? గుర్రాలేమైనా ఉండేవా?

గుర్రాలకూ ఈ పేరుకూ సంబంధం లేదండి. అది ఒక ఇంగ్లీషు దొర ఇంటిపేరు. డబ్ల్యు.డి. హార్స్‌లీ కడప కలెక్టరుగా పనిచేశాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ కొండ ఉన్న మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనే ఉండేది. ఎండలకు తాళలేక ఆయన 19వ శతాబ్దంలో ఈ కొండమీద, 4 వేల అడుగులకు పైన, బంగళా కట్టించుకున్నాడు. దాంతో కొండకే ఆయన పేరు పడిపోయింది.

కానీ ఆయనకంటే ముందే ఇక్కడ ఒకరు ఉండేవారని మనవాళ్లు చెప్పుకునే కథ ఉంది. అదే నాకు ముఖ్యం. ఆమె మల్లమ్మ. కొండమీద ఉంటూ, జబ్బుపడిన గిరిజనులకు వైద్యం చేసేదట. ఏనుగులు ఆమెను కంటికి రెప్పలా కాచుకునేవట. ఉన్నట్టుండి ఒకరోజు ఆమె కనిపించకుండా పోతే, దేవతగా గుడి కట్టి కొలుచుకున్నారు. అందుకే దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఇది ఆధారాలున్న చరిత్ర కాదు, జనం నోట నిలిచిన కథ. అయినా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే దొర పేరుతో ఆపకండి, మల్లమ్మ గురించి కూడా చెప్పండి.