ముందు వచనం చూపించు

అమ్మా,

మిద్రాష్ మీద, అంటే రబ్బీలనే యూదు మతగురువులు బైబిలు వచనాలకు చెప్పిన వ్యాఖ్యానాల మీద, నువ్వు రాసిన వ్యాసం చేరింది. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు ఒళ్ళు మండింది. "రబ్బీలు బైబిలు కథల్లోని ఖాళీలను తమ స్వేచ్ఛాకల్పనతో నింపారు" అని రాశావు. అక్కణ్ణుంచి దెరిదా, బార్త్ లాంటి ఫ్రెంచి సిద్ధాంతకర్తలు, ఇంటర్‌టెక్స్చువాలిటీ (ఒక రచనలో ఇంకో రచన పలకడం). చివరి పేజీ దాకా వెతికినా బైబిలు వచనం ఒక్కటీ కనబడలేదు. మిద్రాష్ గురించి రాస్తూ వచనాన్నే వదిలేస్తే ఇంక రాయడానికి ఏముంది?

నీ తెలుగు బాగుంది. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, అసలు విషయానికి వస్తాను.

ఖాళీలు అన్నావు. ఏ ఖాళీ, ఎక్కడుంది? ఆదికాండం నాలుగో అధ్యాయం, ఎనిమిదో వచనం తీసి చూడు. హీబ్రూలో కయీను తన తమ్ముడు హేబెలుతో అన్నాడు అని ఉంటుంది. ఏమన్నాడో ఉండదు. మరుక్షణం ఇద్దరూ పొలంలో ఉంటారు, అన్న తమ్ముడి మీద పడి చంపేస్తాడు. శ్రద్ధగా చదివేవాడెవడైనా అక్కడ ఆగిపోతాడు. క్రీస్తు పూర్వపు గ్రీకు అనువాదం "పొలానికి వెళ్దాం పద" అని ఒక మాట చేర్చి ముందుకు సాగిపోయింది. సుమారు ఐదో శతాబ్దంలో పాలస్తీనాలో కూర్చిన బెరేషిత్ రబ్బా, ఆదికాండం మీది మిద్రాష్ సంకలనం, మాత్రం అక్కడే కూర్చుని, వాళ్ళిద్దరూ దేని గురించి పోట్లాడుకున్నారని అడిగింది.

ఒక జవాబు ప్రకారం అన్నదమ్ములు లోకాన్ని పంచుకున్నారు. ఒకడు భూమంతా తీసుకున్నాడు, ఇంకొకడు కదిలే వస్తువులన్నీ తీసుకున్నాడు. "నువ్వు నిలబడ్డ నేల నాది" అన్నాడొకడు. "నువ్వు కట్టుకున్న బట్ట నాది" అన్నాడు రెండోవాడు. "అయితే విప్పు!" "అయితే గాల్లోకి ఎగురు!" మాటామాటా పెరిగి హత్య దాకా వచ్చింది. రెండో జవాబులో భూమీ వస్తువులూ ఇద్దరికీ ఉన్నాయి, తగవంతా దేవాలయం ఎవరి వాటాలో కట్టాలన్న దాని మీద. మూడో జవాబులో గొడవ ఒక స్త్రీ కోసం.

రెండో జవాబు దగ్గర ఇంకాసేపు ఆగు. పొలంలో జరిగిన హత్యలోకి దేవాలయం ఎలా వచ్చింది? దేవాలయం ఉన్న సీయోను పొలంలా దున్నబడుతుందని మీకా ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయంలో ఉంది. రబ్బీ ఆ పొలాన్ని ఈ పొలం పక్కన పెట్టాడు. అతనికి తోచిందల్లా చెప్పేసే వీల్లేదు. బైబిల్లోనే ఇంకో చోట నుంచి ఆధారం తేవాలి. తెచ్చాడు. దీన్ని స్వేచ్ఛాకల్పన అంటే నేను ఒప్పుకోను. ఈ వచనాలు చూపించకుండా నువ్వు ఆ మాట అంటే పాఠకుడికి నిన్ను నమ్మడం తప్ప వేరే దారి లేదు. అలా నమ్మమని అడిగే హక్కు మనకు లేదమ్మా.

మిద్రాష్ పండితుడు జేమ్స్ కూగెల్ పేరు రెండు చోట్ల వాడుకున్నావు. 1983 నాటి వ్యాసంలో ఆయన నొక్కి చెప్పింది ఇదే: మిద్రాష్ పట్టించుకునేది వచనాన్ని, పుస్తకాన్ని కాదు. దీనికి ఎదురుగా జేకబ్ న్యూస్నర్ నిలబడ్డాడు. ప్రతి సంకలనానికీ తనదైన వాదన ఉంటుందనీ, రోమన్ సామ్రాజ్యం క్రైస్తవం వైపు తిరిగిన కాలానికి యూదులిచ్చిన జవాబుగా బెరేషిత్ రబ్బాను చదవాలనీ ఆయన పట్టు. ఇద్దరిలో ఎవరు రైటని అడిగావు. ఆ ఇద్దరూ ఏ పేజీ మీద చెయ్యి వేసి వాదించుకుంటున్నారో ముందు పాఠకుడికి చూపించు.

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం అనుబంధానికి, అబ్రాహాము తన తండ్రి కొట్లో విగ్రహాలు పగలగొట్టిన కథ మీద రాశాను. ఆ కథ ఆదికాండంలో లేదు, మిద్రాష్‌లో ఉంది. ఎందుకు పుట్టిందో వివరంగా రాశాను. "వచనాలు పాఠకుడికి బరువు" అని ఆ ఎడిటర్ వాటన్నిటినీ కోసేసి, ఉత్త కథను మిగిల్చి, పైన "బైబిలు కథ" అని హెడింగ్ పెట్టాడు. ఇది ఏ అధ్యాయంలో ఉందో చూపించమని పాస్టర్లు నాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. సవరణ వెయ్యమంటే అతను వెయ్యలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అప్పట్నుంచీ వచనాలు తీసేస్తామంటే వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను.

మన సభల్లో ఒక కాలంలో ఫ్రెంచి పేర్లు ఎత్తనివాణ్ణి విమర్శకుడిగానే లెక్కపెట్టేవారు కాదు. అమెరికాలోనూ 1980లలో మిద్రాష్‌ను కొత్త సాహిత్య సిద్ధాంతాలతో ముడిపెట్టే ఊపు వచ్చింది. అందులో డానియల్ బోయారిన్ 1990లో తెచ్చిన పుస్తకం నిలబడిందంటే, నిర్గమకాండం మీది మిద్రాష్ అయిన మెఖిల్తాను ఎదురుగా పెట్టుకుని ఒక్కో భాగం విప్పి చదివాడు గనకే. సిద్ధాంతం తెలియడం తప్పు కాదు. నీ వ్యాసంలో మెఖిల్తా నుంచి ఒక్క ముక్కైనా లేకపోవడం తప్పు.

నేను హీబ్రూ అక్షరాలు ఒక రిటైర్డ్ పాస్టరుగారి దగ్గర సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. బెరేషిత్ రబ్బా శాస్త్రీయ ప్రతిని థియోడోర్ 1903లో వెలువరించడం మొదలుపెట్టాడు. ఆయన మధ్యలో కన్నుమూస్తే ఆల్బెక్ పూర్తి చేశాడు. దాని జెరాక్సు పేజీలు ఒక మిత్రుడు నాకు విదేశాల నుంచి పంపాడు. అంచులన్నీ నల్లగా వచ్చాయి. పేజీ పైభాగంలో మూలం, దాని కింద రాతప్రతుల్లో పాఠం ఎలా ఉందో చిన్న అక్షరాల్లో, ఇంకా కింద వ్యాఖ్య. ఒక్క పేజీ దాటడానికి నాకు రోజులు పట్టేది. అలా చదివాకే, నిన్నటి పండితులు ఎంత చాకిరీ చేస్తే మనకు ఒక వాక్యం సరిగ్గా దక్కిందో తెలిసింది.

జర్మన్ యూదు పండితుడు జుంజ్‌ను మిద్రాష్ పరిశోధనకు పితామహుడని ఒక్క లైనులో దాటేశావు. అప్పటికి ప్రతి దొరకని పెసిక్తా అనే మిద్రాష్ సంకలనం ఎలా ఉండేదో, వేరే గ్రంథాల్లో చెదిరిపోయిన ఉల్లేఖనలు ఏరుకుని 1832లో ఊహించాడాయన. 1868లో లెంబెర్గ్‌కు చెందిన సొలొమన్ బూబర్ రాతప్రతుల నుంచి దాన్ని అచ్చు వేస్తే, జుంజ్ ఊహ చాలావరకు నిజమని తేలింది. "పితామహుడు" అనే బదులు ఈ సంగతి రాయి.

రెనే బ్లోక్ పేరు నీ వ్యాసంలో లేనే లేదు. మిద్రాష్ లేఖనం నుంచి బయల్దేరి, లేఖనాన్ని పట్టుకునే ఉండి, దాన్ని తన కాలానికి అన్వయిస్తుందని స్పష్టంగా చెప్పిన మనిషి. 1955లో ఇజ్రాయెల్ వెళ్తుంటే ఆమె ఎక్కిన విమానాన్ని బల్గేరియా మీద కూల్చేశారు. ఆమె రాసిన "మిద్రాష్" వ్యాసం 1957లో, ఆమె పోయాక అచ్చయింది. ఆమె మొదలుపెట్టిన దారిలోనే గేజా వెర్మెష్ ముందుకు వెళ్ళి 1961లో తన పుస్తకం తెచ్చాడు. ఆమెను వదిలేసి ఈ చరిత్ర రాయకు.

ఏ పత్రికకు పంపాలి, పీహెచ్‌డీకి ఈ టాపిక్ పనికొస్తుందా అని కూడా అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ఒక పని చెయ్యి. ఆదికాండం 11:28 తీసుకో. అబ్రాహాము తోడబుట్టిన హారాను తమ తండ్రి తెరహు ఎదుటే చనిపోయాడని హీబ్రూలో చదువుకోవచ్చు. తండ్రి ఎదుట అని ఎందుకు చెప్పాల్సి వచ్చింది? విగ్రహాల కథ, నిమ్రోదు రాజు, అతను అబ్రాహామును తోయించిన అగ్నిగుండం, ఎవరు గెలిస్తే వాళ్ళ వైపు చేరదామని చూసిన హారాను, అంతా బెరేషిత్ రబ్బా ముప్ఫై ఎనిమిదో భాగంలో ఈ వచనం కిందే ఉంది. దాని మీద నాలుగు పేజీలు రాయి. వచనం మొదటి లైనులో ఉండాలి. పండితుల్లో ఒక్కరిని తీసుకో, ఆ ఒక్కరు ఏం చేశారో చూపించు. ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోనులో నేను చదవలేను.

ఆశీస్సులతో.