నీళ్లు తాగు, బుజ్జమ్మా

ఆత్మకూరు

బుజ్జమ్మా,

డిసెంబరులో నువ్వు హిమాలయాల్లోని కేదార్‌కంఠ ఎక్కడానికి పోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వైనా చెప్పి ఆపక్కా" అన్నాడు. నేను ఆపను. కానీ ఫోన్ పెట్టేశాక నాకు కాలు నిలవలేదు.

మన పక్కనే సంగం మండలం గాంధీ జనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కాడని తెలిసినప్పుడు, పిల్లలందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పాను. 2015లో ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ ఆయన చనిపోయాడని విన్నప్పుడు కంచం ముందు నుంచి లేచిపోయాను. నీ కబురు వినగానే ఆ రెండు రోజులూ ఒకేసారి గుర్తొచ్చాయి.

కొత్త బూట్లతో బయలుదేరకు, నెల ముందు నుంచే తొడుక్కుని తిరుగు. బ్యాగు తగిలించుకుని మీ అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ ఎక్కి దిగు. కాటన్ బట్టలు చెమటకు తడిస్తే అక్కడ ఆరవు, ఉన్నివి పెట్టుకో. తలకు కట్టుకునే టార్చి కొనుక్కో, శిఖరానికి తెల్లవారకముందే బయలుదేరాలి. ఇవన్నీ తీసుకెళ్లేవాళ్లు లిస్టు రాసి పంపుతారు.

నా భయం వేరే. మొన్న పెళ్లిలో నువ్వు పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్క గ్లాసు నీళ్లతో గడిపావు. కల్యాణమండపంలో బాత్రూం బాగాలేదని. నేను చూశాను. అప్పుడే తిడదామనుకున్నాను, పదిమందిలో ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు తిడుతున్నాను. ఎందుకో కూడా చెబుతాను, ఇది ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పలేదు.

నేను పీఈటీగా చేరిన కొత్తలో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్ని ఇరవైరెండు మందిని ఉదయగిరి దుర్గం చూపించడానికి తీసుకెళ్లాను. మార్చి నెల. కొండ కింద అందరినీ వరసలో నిలబెట్టి చెప్పాను: "నీళ్లు ఎక్కువ తాగకండి. పైన ఎక్కడా మరుగు ఉండదు. మధ్యలో ఒంటికి వస్తోందంటే నేనేం చేయలేను." నన్ను కూడా మా టీచర్లు అట్లాగే తీసుకెళ్లేవాళ్లు. అది జాగ్రత్త అనుకున్నాను.

ఆ కొండ 3,079 అడుగులు. ఎక్కుతూ నేను పిల్లలకు రాయలవారి కథ మొదలుపెట్టాను. ఈ కోట కోసం ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలిచాడని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడని. నా కథలో నేనుండగా వెనక నుంచి ఒక పిల్ల "తల తిరుగుతోంది టీచర్" అంది. ఒక బండ మీద కూర్చుని ఉంది. "మసీదు దగ్గరికి పోయాక కూర్చుందువుగాని, లే" అన్నాను. టీచరు చెప్పింది కదా, లేచింది. ఇరవై అడుగులు వేసిందో లేదో పడిపోయింది.

ఒళ్లు పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు. పెదవులు ఎండిపోయి ఏదేదో మాట్లాడుతోంది. ముఖం మీద నీళ్లు చల్లుదామని ఆ పిల్ల సంచిలోంచే సీసా తీశాను. నిండుగా ఉంది బుజ్జమ్మా. మూత కూడా తీయలేదు.

మేకల కాపరులు ఇద్దరు పంచెతో డోలీ కట్టి దించారు. నేను తడి తువ్వాలుతో తుడుస్తూ వెంట పరుగెత్తాను. సెలైన్ ఎక్కించాక, పొద్దు వాలే వేళకు మనుషుల్ని గుర్తుపట్టింది. వాళ్లమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని "మీరుండబట్టే నా బిడ్డ దక్కింది టీచర్" అని ఏడ్చింది. నీళ్లు తాగొద్దన్నది నేనేనని ఆ తల్లికి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

మీరు పోయేది మంచులోకి కదా, ఎండ లేదు కదా అనుకుంటావు. చలిలో దాహం తెలియదు, అదే ప్రమాదం. పైకి పోయేకొద్దీ గాలి పొడిబారి, ఆయాసంతో వదిలే ప్రతి ఊపిరితోనూ ఒంట్లో నీరు పోతుంది. రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగు. ఒంటికి పోయినప్పుడు రంగు చూసుకో, ముదురు పసుపుగా ఉంటే చాల్లేదని అర్థం.

మీరు నడక మొదలుపెట్టే సాంక్రీ దాదాపు 6,400 అడుగుల ఎత్తులో ఉంది, శిఖరం 12,500. 8,000 దాటాక ఎంత గట్టివాళ్లకైనా ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం మొదలవుతాయి. నీళ్లు చాలకపోయినా తలనొప్పే వస్తుంది. నీళ్లు తాగుతూ ఉంటే ఒక కారణం పోయినట్టే. అయినా తగ్గకపోతే ఇంకొక్క అడుగు కూడా పైకి వేయకు. ఎక్కువైతే దిగిపోవాలి, తెల్లారనీ అని చూడొద్దు. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ మాత్ర సంగతి ఇక్కడే డాక్టరును అడుగు, స్నేహితులిచ్చింది మింగకు. ఆ మాత్రతో ఒంటికి ఎక్కువసార్లు వస్తుంది, దానికి జడిసి నీళ్లు మానకు.

క్యాంపులో టాయిలెట్ టెంటు వేస్తారు, దారిలో ఉండదు. గైడు మగవాడు, ఎట్లా చెప్పడం అని నోరు మూసుకోకు. "ఒక్క నిమిషం ఆగండి" అంటే చాలు, అతనికి అర్థమవుతుంది. రాత్రి చలికి లేవబుద్ధి కాకపోతే పక్క పిల్లను లేపు. విసుక్కుంటే విసుక్కోనీ. నీ వెంట వచ్చిన వాళ్లలో ఎవరికైనా తల తిరుగుతోందంటే, లే అనకు తల్లీ. పక్కన కూర్చో.

పార్సిల్ రేపు బస్సుకు వేస్తాను. ఉదయగిరి చెక్క స్పూను ఒకటి పెట్టాను, ఆ చలిలో స్టీలుది పెదవులకు చురుక్కుమంటుంది. నల్ల దుప్పటి ఒకటి ఉంది. పలచనిది, బరువుండదు. ఆ కొండ మీద అట్లా జరిగాక ఏ టూరుకు పోయినా అది నా సంచిలోనే ఉండేది. నలుగురు పిల్లలు నాలుగు మూలలా పట్టుకుంటే లోపల ఒకరికి చోటు. ఒక మూల చిరిగింది, నిన్న రాత్రి కూర్చుని కుట్టాను.

నీ అత్త