మెస్ స్టోర్ రూములో ఎలుకలు: మందు పెట్టొచ్చా?

తిరుపతిలో చిన్న మెస్ నడుపుతున్నామని, బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయని, అందరూ మందు పెట్టమంటున్నారని రాశారు. తిండి సరుకున్న గదిలో మందు వద్దండి. చిత్తూరులో మాకు కిరాణా అంగడి ఉంది. వెనక గదిలో బియ్యం, కందిపప్పు, చెనక్కాయ విత్తనాలు, బెల్లం అన్నీ ఉంటాయి. వీధిలోని ఎలుకలన్నీ మా గడపలోనే ఉండేవి. వాటిని చంపడం కన్నా దారి మూసేయడమే మాకు పనికొచ్చింది.

ముందు ఎక్కణ్నించి వస్తున్నాయో పట్టుకోండి. రాత్రి తలుపు వేసేముందు గోడల వెంబడి ముగ్గుపిండి పల్చగా చల్లండి. తెల్లారేసరికి కాళ్ల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనబడతాయి. మా గదిలో ఆ గుర్తులు ఒక మూలకెళ్లి ఆగిపోయాయి. తలెత్తి చూస్తే కరెంటు పైపు పక్కన గోడ మీద నల్లటి జిడ్డు చార. రోజూ అదే దారిన ఒళ్లు రాసుకుంటూ ఎక్కితే పడే మరక అది. పైపు గోడలోకి దూరే చోట బొటనవేలు పట్టేంత సందు ఉంది.

ఎలుకకు అరంగుళం సందు చాలు. చుంచుకైతే పెన్సిల్ దూరేంత ఉన్నా చాలు. ఒట్టి సిమెంటు పూస్తే ఆరేలోపే గీకేస్తాయి. గిన్నెలు తోమే స్టీల్ పీచు గట్టిగా కుక్కి, దాని మీద సిమెంటు వేయండి. తలుపు కింది అంచుకు రేకు కొట్టించండి, మోరీకి ఇనుప జాలీ పెట్టించండి. పందికొక్కులు వచ్చేది ఎక్కువగా మోరీల్లోంచే.

బస్తాలు గోడకు ఆనించొద్దు. చీపురు పట్టుకుని మనిషి దూరేంత జాగా వదిలి, అరడుగు ఎత్తు చెక్కల మీద పేర్చండి. బస్తాల వెనక చీకటి ఉంటే అక్కడే పిల్లలు పెట్టేస్తాయి. విప్పిన బస్తా సరుకు మూతున్న రేకు డ్రమ్ములోకి పోయాలి. ప్లాస్టిక్ డబ్బాలు కొరికేస్తాయి, వాటి పళ్లు పెరుగుతూనే ఉంటాయి మరి. మెస్ కాబట్టి ఇంకో సంగతి: ఎంగిలి బకెట్టు రాత్రి లోపల ఉంచకండి, కారే కుళాయి బాగు చేయించండి. ఎండు గింజలు తినే ఎలుకకు నీళ్లు కావాలి.

ఇక బోన్లు. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. అందుకే కొన్ని రాత్రులు బోను తెరిచే ఉంచి ఎర తిననివ్వండి, అలవాటయ్యాక బిగించండి. ఒకటి కాదు, గోడ వెంబడి నాలుగైదు ఒకేసారి. బియ్యం గదిలో బియ్యం ఎర ఏం పనిచేస్తుంది? ఎండుచేప ముక్క పెట్టండి. శాకాహారం మెస్ అయితే మసాలా వడ.

పిల్లిని పెంచమని కూడా చెప్తారు. వంటసరుకు మధ్య దాని వెంట్రుకలూ రొచ్చూ ఇంకో టెన్షన్. పొలం గట్ల మీద బొరియలకైతే యానాదులు కుండలో పొగ పెట్టి ఎలుకలను పట్టేవాళ్లు, ఆ పనితనం గొప్పది. సిమెంటు గదిలో అది కుదరదు.

మందు తప్పదనుకుంటే బ్రోమాడయోలోన్ బిళ్లలు బయట, మోరీ పక్కన, పిల్లలకూ కుక్కలకూ అందని పెట్టెలో మాత్రమే పెట్టండి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఏ అటక మీదో చచ్చిందంటే ఆ కంపుకు మెస్‌కి ఎవరూ రారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోకండి. వాటి గ్యాసు పక్కగదిలో పడుకున్నవాళ్లను కూడా చంపగలదు, విరుగుడు లేదు.

కొరికిన బస్తాలో ఉచ్చ తడి, పెంటికలు ఉన్న బియ్యం కక్కుర్తి పడకుండా పారేయండి, ఎలుక జ్వరం వచ్చేది ఆ ఉచ్చతోనే. గది పొడిగా ఊడవొద్దు. బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు నాననిచ్చి, చేతులకు గ్లౌజులు వేసుకుని తుడవండి.